పటంలో లేని మనుషులు

నిరుడు వానలకు ముందు మా విద్యార్థులతో కలిసి చాదర్‌ఘాట్ దిగువన మూసీ ఒడ్డున ఉన్న ఒక బస్తీకి వెళ్ళాను. మురుగు కాలువలు ఎక్కడ మొదలై ఎక్కడ తెగిపోతున్నాయో మొబైల్ ఫోన్లలో గుర్తించి వెబ్ పటం మీదికి ఎక్కించడం ఆ రోజు మా పని. ఇళ్ళలో పాచిపని చేసుకుని బతికే ఒక నడివయసు స్త్రీ చాలాసేపు మా వెంట నడిచింది. చివరికి ఒక విద్యార్థిని చేతిలోని తెర మీదికి వంగి, ‘హమారా ఘర్ కాఁ హై ఇస్మే, బేటా?’ అని అడిగింది. ఇందులో మా ఇల్లెక్కడుంది బిడ్డా అని. ఆ అమ్మాయి వేలితో తెరను పెద్దది చేసి చూపించింది. అక్కడ ఇల్లు లేదు. నదీగర్భాన్ని సూచించే నీలిరంగు ఉంది. ఆమె ఇంట్లోకి వెళ్ళి కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఓటరు గుర్తింపు కార్డు తెచ్చి మా ముందు పెట్టింది. ఆ మూడింటినీ ఇచ్చింది ప్రభుత్వమే. పటం గీసిందీ ప్రభుత్వమే. మూడింటిలో ఉన్న ఆమె నాలుగోదానిలో లేదు.

ఆ నీలిరంగును నేను తప్పుపట్టడం లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ ఏం చేసిందో ఈ నగరానికి తెలుసు. ఆ వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. ఆ తరువాతే విశ్వేశ్వరయ్య సూచనల మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి, 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. నది తన హద్దును మరచిపోదు. ఆ హద్దును గుర్తించడం శాస్త్రం చేయవలసిన పనే. నా ప్రశ్న వేరు. నీటి హద్దును అంగుళాల లెక్కన చూపించగలిగిన పటానికి, ఆ హద్దులో బతుకుతున్న మనుషులు ఎవరో, ఏ కులమో, ఏ పని చేస్తారో, ఎందుకు అక్కడే ఉన్నారో చూపించడం ఎందుకు చేతకాలేదు?

పటానికీ కులానికీ ఉన్న సంబంధం కంప్యూటర్లతో మొదలు కాలేదు. తెలుగు పల్లె తానే ఒక పటం. ఊరు ఎక్కడ ఆగుతుందో, వాడ ఎక్కడ మొదలవుతుందో, మంచినీళ్ళ బావి ఎటువైపు ఉందో, చచ్చిన పశువును ఏ దారిన ఈడ్చుకుపోవాలో అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు. నేల మీద ఇంత లోతుగా గీసిన ఈ గీత రెవెన్యూ నక్షాలో మాత్రం కనిపించదు. నక్షాలో ప్రతి చెలకకూ సర్వే నంబరు ఉంటుంది, ప్రతి గట్టుకూ కొలత ఉంటుంది. మనుషులుండే చోటు మాత్రం గ్రామకంఠం పేరుతో ఒక ఖాళీ గడి. శిస్తు వచ్చేది భూమి మీద. అందుకే భూమిని కొలిచారు. పటం గీయించేవాడికి ఏది అవసరమో అదే పటంలోకి ఎక్కుతుంది. గొలుసుతో కొలిచిన రోజుల్లో ఇది ఎంత నిజమో, ఉపగ్రహంతో కొలిచే ఈ రోజుల్లోనూ అంతే నిజం.

పటాల విషయంలో హైదరాబాద్ పేద నగరమేమీ కాదు. వరద తరువాతి దశాబ్దంలోనే లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో ఈ నగరాన్ని గల్లీ గల్లీనా కొలిచి పెద్ద ప్రమాణంలో పటాలు తయారు చేశారు. నేడు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉంది. ఇస్రో 2009లో ప్రారంభించిన ‘భువన్’ వేదికను నడిపేది ఆ కేంద్రమే. రాష్ట్రానికి తనదైన రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉంది. చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దులను, అంటే పూర్తి నీటిమట్టం గీతలను, హెచ్‌ఎండీఏ వెబ్‌లో పెట్టింది. 2021లో కేంద్రం పటాల తయారీ మీద ఉన్న ఆంక్షలను సడలించింది. 2022లో జాతీయ భౌగోళిక సమాచార విధానాన్ని ప్రకటించింది. రోడ్డు ఎక్కడ వేయాలి, మెట్రో ఏ గల్లీ మీదుగా పోవాలి, ఏ నాలాను వెడల్పు చేయాలి, ఏ ఇంటిని తీసేయాలి అనే నిర్ణయాలన్నీ ఇప్పుడు తెర మీద పొరలు పొరలుగా పరచిన పటాల ముందు కూర్చుని తీసుకుంటున్నారు. ఒక పొర నేలవాలు, ఒక పొర నీరు, ఒక పొర రోడ్లు, ఒక పొర భూయాజమాన్యం. ఈ పొరలన్నీ ఒకదాని మీద ఒకటి పడినప్పుడు తెర మీద ఏది కనిపిస్తే అదే వాస్తవమవుతుంది. ఏ పొర లేదో ఆ వాస్తవం చర్చకే రాదు. అధికారి దుర్మార్గుడు కానక్కరలేదు, కులతత్వవాది కానక్కరలేదు. ఎదుట లేనిదాన్ని ఆయన చూడలేడు, అంతే.

2024 సెప్టెంబర్‌లో మూసీ గర్భంలోని ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. తెర మీది పొర గోడ మీదికి దిగింది. చాదర్‌ఘాట్ ప్రాంతంలోని మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్ళు కూలాయి. కొందరికి డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు ఇచ్చారు. ఇచ్చిన మాట నిజం, దాన్ని దాచవలసిన పని లేదు. అయితే ఆ కొత్త ఇంటికీ ఆమె పాచిపని చేసే ఇంటికీ మధ్య ఎన్ని కిలోమీటర్లు? తోపుడుబండి పెట్టే వీధికి రోజూ బండిని ఎలా తోసుకురావాలి? చెత్త ఏరుకునేవాడి కాంటా దుకాణం ఎక్కడ? ఉర్దూ మాధ్యమంలో ఏడో తరగతి చదివే పిల్లకు ఆ దాపుల్లో ఉర్దూ బడి ఉందా? వీటిలో ఒక్కటి కూడా వెబ్ పటానికి కష్టమైన ప్రశ్న కాదు. ఒక చోటి నుంచి అరగంటలో నడిచి ఎంత దూరం పోగలమో, ఆ పరిధిలో ఎన్ని బడులున్నాయో చూపించే పరికరం ఇవాళ మా ఎంఏ విద్యార్థుల చేతుల్లో ఉంది. అడిగినవారు లేరు కనుక ఆ పొర తయారు కాలేదు.

పాతబస్తీని చూసే పటాల్లో మూడు రకాల మరుగులు ఉన్నాయి. ఒక్కొక్కటి విడిగా చెప్పుకోవాలి.

మొదటిది నిర్వచనం తెచ్చిన మరుగు. స్వాతంత్ర్యం తరువాత కులం గురించి జనగణన ఇస్తూ వచ్చింది ఎస్సీ, ఎస్టీల లెక్క మాత్రమే. 2011లో హైదరాబాద్ జిల్లా జనాభా 39.43 లక్షలు. అందులో ముస్లింలు 43 శాతానికి పైగా ఉండగా, ఎస్సీలు ఆరు శాతం పైచిలుకు. ఎస్సీ జనాభా నిష్పత్తిని రంగుల్లో చూపించే పటం గీస్తే పాతబస్తీలో ఎక్కువ భాగం లేత రంగులో, దాదాపు తెల్లగా కనిపిస్తుంది. ఆ పటాన్ని చూసిన ప్రణాళికాకర్తకు అక్కడ కులం లేదనిపిస్తుంది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. ముస్లింలు, క్రైస్తవులు బయటే ఉన్నారు. మెహతర్ అనే పేరు ఎస్సీ జాబితాలోనూ ఉంది, వెనుకబడిన తరగతుల జాబితాలో ముస్లిం అన్న గుర్తుతోనూ ఉంది. చీపురు ఒకటే, మ్యాన్‌హోల్ ఒకటే, ఊపిరాడక పోయే ప్రాణం ఒకటే. పటంలో మాత్రం ఒకరు ముదురు రంగు, ఇంకొకరు తెలుపు. ఖురేషీ, హజామ్, ధోబీ, ఫకీర్, సిద్దీ, దూదేకుల వంటి కులాలు ఈ గల్లీల్లో తరతరాలుగా ఉన్నాయి. 2007 చట్టం బీసీ-ఇ కింద 14 ముస్లిం సమూహాలను గుర్తించింది. కానీ అవి రిజర్వేషన్ల జాబితాల్లో ఉన్నాయి తప్ప ఏ ప్రణాళికా పటంలోనూ లేవు.

పాతబస్తీ అంటే ముస్లింలు, ముస్లింలు అంటే ఒక్క ముద్ద అనే ఊహ ఎంత తప్పో రాష్ట్ర ప్రభుత్వం చేసిన సర్వేయే తేల్చింది. 2024 నవంబర్ 6న మొదలైన సమగ్ర కుటుంబ సర్వే ఫలితాలను 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. రాష్ట్రంలో ముస్లింలు 12.56 శాతం, వారిలో బీసీలే 10.08 శాతం. అంటే ప్రతి అయిదుగురు ముస్లింలలో నలుగురు వెనుకబడిన కులాలవారు. దేవిడీల్లో పుట్టిన వారసుల గురించి, నవాబుల వంటకాల గురించి మనం రాసుకున్నంతగా ఈ నలుగురి గురించి రాసుకోలేదు. ఇటువైపు గౌలీపురా, లాల్‌దర్వాజా, ఉప్పుగూడల్లో ఉన్న దళిత, బీసీ హిందూ బస్తీల సంగతీ అంతే. పాతబస్తీని ముస్లిం ప్రాంతమని ఒక్క మాటలో తేల్చేసే పటంలో వారు కూడా కనుమరుగే. మతం ముదురు రంగు వేసుకున్న ప్రతిచోటా కులం వెలిసిపోతుంది.

రెండోది సగటు తెచ్చిన మరుగు. నగరపాలక సమాచారం వార్డు స్థాయిలో ఉంటుంది. ఒక్కో వార్డులో వేలాది కుటుంబాలు. వార్డు మొత్తానికి తీసిన సగటులో పక్కా మేడలూ రేకుల ఇళ్ళూ కలిసిపోతాయి. మంచినీటి కుళాయి ఉన్న గల్లీ, లేని గల్లీ కలిసిపోయి రెండూ ఒక మోస్తరుగా ఉన్నట్టు కనిపిస్తాయి. బెంగళూరు ఐఐఎం పరిశోధకులు దేశంలోని మహానగరాల లెక్కలను వార్డు కంటే చిన్నదైన లెక్కింపు బ్లాకు స్థాయిలో పరిశీలించినప్పుడు, వార్డు స్థాయిలో కనబడని కులాల ఎడబాటు అక్కడ బట్టబయలైంది. పల్లెలో ఊరు, వాడ అని రెండు మాటల్లో ఉన్నది నగరంలో గల్లీకీ గల్లీకీ మధ్య ఉంది. శామ్ ఆషర్, పాల్ నొవోసాద్ తదితర ఆర్థికవేత్తలు దేశవ్యాప్తంగా 15 లక్షల పరిసరాల సమాచారాన్ని విశ్లేషించి మరో సంగతి చెప్పారు. నగరాల్లోని ముస్లింలలో 26 శాతం మంది, 80 శాతానికి మించి ముస్లింలే ఉన్న పరిసరాల్లో నివసిస్తున్నారు. ఎస్సీలలో 17 శాతం మందిది తమ కులాలకు సంబంధించి ఇదే పరిస్థితి. అటువంటి పరిసరాలకు ప్రభుత్వ బడులు, ఆస్పత్రులు, నీళ్ళు, మురుగు పారుదల తక్కువగా అందుతున్నాయి. సగటు చూస్తే నగరం బాగుపడుతున్నట్టే ఉంటుంది. గల్లీలోకి దిగితే తప్ప ఎవరి నగరం బాగుపడుతున్నదో తెలియదు.

మూడోది యాజమాన్యం తెచ్చిన మరుగు. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేసిన పాతబస్తీ మెట్రో, ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, శాలిబండ, అలియాబాద్‌ల మీదుగా పోయే ఆ దారిలో రోడ్డు విస్తరణకు ఆస్తులు తీసుకుంటున్నారు. గజానికి 81,000 రూపాయల పరిహారం ప్రకటించారు. మెట్రో పాతబస్తీకి రావాలి. ఇంత ఆలస్యంగా రావడమే అన్యాయం. కానీ సేకరణ పటంలో కనిపించేది ప్లాటు, దాని యజమాని. ఆ దుకాణంలో పదిహేనేళ్ళుగా అద్దెకుంటున్న దర్జీ కనిపించడు. మెట్ల కింద కూర్చుని గాజులకు రాళ్ళు అంటించే ఆడపిల్ల కనిపించదు. అరుగు ముందు తోపుడుబండి పెట్టుకున్నవాడు కనిపించడు. స్థలం ఒక కులం చేతిలో, పని మరో కులం చేతిలో ఉన్న దేశంలో యజమానుల పటం గీయడమంటే పై కులాల పటం గీయడమే. 2013 భూసేకరణ చట్టం ఈ తప్పును సరిదిద్దే ప్రయత్నం చేసింది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడ పనిచేస్తూ ఆ జీవనోపాధి మీద ఆధారపడిన కుటుంబాన్ని కూడా ‘ప్రభావిత కుటుంబం’గా నిర్వచించింది. వీధి వ్యాపారులను సర్వే చేసి నమోదు చేయాలని 2014 చట్టం చెప్పింది. అయితే తెలంగాణ తెచ్చిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించింది. చట్టం చూడమన్నదాన్ని పటం చూపించడం లేదు. పటం చూపించకపోయినా అడిగే చోటును సవరణ తగ్గించింది.

ఈ మూడు మరుగులూ కలిసినప్పుడు ఏమవుతుందో 2020 అక్టోబర్‌లో చూశాం. బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. పల్లె చెరువు నీళ్ళు అలీనగర్, అల్ జుబైల్ కాలనీల మీద పడ్డాయి. అప్పుడు అందరూ తెర మీద చెరువు పాత హద్దును పరిచి, ఈ ఇళ్ళన్నీ చెరువులోనే ఉన్నాయి కదా అన్నారు. ఉన్నాయి. కానీ అరవై గజాల జాగాను నోటరీ కాగితం మీద కొన్న ఆటో డ్రైవరు చెరువును ఆక్రమించాలని రాలేదు. 1948 పోలీసు చర్య తరువాత, 1978, 1990 మతకల్లోలాల తరువాత భయంతో ఒకచోట గుమికూడిన కుటుంబాలు అవి. వేరే చోట అద్దెకు అడిగితే పేరు చెప్పగానే ఇల్లు లేదన్న అనుభవం వారిది. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న ఎదుర్కొన్న ప్రతి దళితుడికీ ఆ అనుభవం కొత్త కాదు. ఎత్తయిన నేల ధర వారికి అందలేదు, పల్లపు నేల అందింది. పల్లెలో నీళ్ళ వాలున వాడ ఎలా ఉందో, నగరంలో చెరువు అడుగున బస్తీ అలాగే ఉంది. ఎఫ్‌టీఎల్ పొర మీద కొన్నవాడి ఇల్లు ఎర్రగా కనిపిస్తుంది. చెరువును ముక్కలు చేసి అమ్మినవాడి పేరుకు, చూసీ చూడనట్టు ఊరుకున్న కార్యాలయానికి ఏ పొరా లేదు.

పటాన్ని ఆయుధంగా తిప్పుకున్న ఉదాహరణలు కూడా లోకంలో ఉన్నాయి. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు జేన్స్‌విల్ పట్టణం పక్కన కోల్ రన్ అనే నల్లజాతి ప్రజల పేట ఉంది. చుట్టుపక్కల తెల్లవారి ఇళ్ళకు మంచినీటి పైపులు వచ్చినా దశాబ్దాల తరబడి ఆ పేటకు రాలేదు. వాళ్ళు వాన నీళ్ళు పట్టుకుని, బండ్ల మీద నీళ్ళు తెచ్చుకుని బతికారు. వివక్ష లేదని అధికారులు వాదించారు. బాధితుల పక్షం జీఐఎస్ పటాలు తయారు చేయించింది. నీటి పైపులు ఒక పొర, ఇళ్ళు ఒక పొర, ఆ ఇళ్ళలో ఉన్నవారి జాతి ఒక పొర. మూడింటినీ కలిపి చూపించినప్పుడు పైపు ఎక్కడ ఆగిందో, ఎవరి గుమ్మం ముందు ఆగిందో జ్యూరీకి వేరే చెప్పనవసరం లేకపోయింది. 2008లో జ్యూరీ దాదాపు 1.1 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. అక్కడ గెలిపించింది జాతి అనే పొర. అది లేని పైపుల పటం ఆలస్యాన్ని మాత్రమే చూపించేది. అన్యాయాన్ని చూపించేది కాదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. దాన్ని తేలికగా తోసిపుచ్చడం నిజాయతీ అనిపించుకోదు. ఏ గల్లీలో ఏ కులం, ఏ మతం ఉందో వెబ్‌లో పెడితే రేపు దాన్ని ఎవరు వాడుకుంటారు? అదే అమెరికాలో 1930లలో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు గీయించి నల్లజాతివారు ఉండే పేటలకు ఎర్రరంగు వేసింది. ఆ ఎర్రరంగు మీద తరాల తరబడి ఇంటి అప్పు పుట్టలేదు. మన దగ్గర రంగు వేయకుండానే ఆ పని జరుగుతోంది. పాతబస్తీ నుంచి వచ్చే నా విద్యార్థుల్లో ఒకడు అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్నా చదువు కోసం అప్పు దొరకక తిరిగి తిరిగి, చివరికి వేరే పిన్‌కోడ్‌లో ఉన్న మేనమామ చిరునామాతో దరఖాస్తు పెట్టుకున్నాడు. కల్లోలం జరిగిన ప్రతిసారీ ఇళ్ళను ఎంచి ఎంచి తగలబెట్టిన దేశంలో ఇంటింటి కులపటం, మతపటం ఎవరి చేతికైనా చిక్కడం భయంకరమైన విషయం. నేను కోరుతున్నది అది కాదు.

నేను కోరుతున్న తేడా ఇది. మనుషుల గుర్తింపును ఇంటి గుమ్మానికి అంటించి చూపించే పటం వేరు, సౌకర్యాల లేమిని గల్లీ స్థాయిలో చూపించి, ఆ లేమికీ కులానికీ ఉన్న సంబంధాన్ని బాధ్యత గల సంస్థ ద్వారా లెక్కగట్టే పద్ధతి వేరు. నీళ్ళు ఎన్ని గంటలు వస్తాయి, మురుగు ఎక్కడ పొంగుతుంది, బడి ఎంత దూరం, బస్తీ దవాఖానా ఎంత దూరం, నాలా మీద పైకప్పు ఉందా లేదా అనే పొరలను అందరికీ తెరవాలి. కులాల సమాచారాన్ని కుటుంబాల ఆనవాలు తెలియకుండా, బ్లాకులుగా కలిపి, మరీ తక్కువ సంఖ్యలో ఉన్న సమూహాలను విడిగా చూపకుండా, బీసీ కమిషన్, ఎస్సీ కమిషన్ వంటి చట్టబద్ధ సంస్థల వద్ద ఉంచాలి. ఆ సంస్థలు తేల్చిన ఫలితం మాత్రం బహిరంగంగా ఉండాలి. భయం ఉన్నది కాబట్టి లెక్కే వద్దనడం, చీకట్లో దెబ్బలు తినేవాడిని చీకట్లోనే ఉండమనడం అవుతుంది.

లెక్కలో పేరు ఎక్కడం ఎంత పెద్ద విషయమో ఈ నగరానికి ఒకరు ఎప్పుడో నేర్పారు. హైదరాబాద్‌లో పుట్టి, 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, దళిత పిల్లలకు బడులు పెట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1931 జనగణనలో నిజాం రాజ్యంలోని తన ప్రజలను అంటరానివారన్న పేరుతో కాక ఆది హిందువులుగా నమోదు చేయించడానికి పోరాడి సాధించారు. ఆయనకు అది పదాల పట్టింపు కాదు. ఎవరు ఏ పేరుతో లెక్కలోకి వస్తారో, ఆ పేరుతోనే రాజ్యం వారితో మాట్లాడుతుందని ఆయనకు తెలుసు.

ఇప్పుడు మన చేతిలో అలాంటి సమయమే ఉంది. 3.54 కోట్ల మందిని యాభైకి పైగా ప్రశ్నలు అడిగి సేకరించిన సమాచారం రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఉంది. దానిని రిజర్వేషన్ల శాతాలు తేల్చే చర్చకే పరిమితం చేశాం. శాతాల కోసం అంత పెద్ద సర్వే అక్కరలేదు; ఏ గల్లీకి నీళ్ళు రావడం లేదో తెలుసుకోవడానికి అక్కరకొస్తుంది. మరోవైపు కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్ 30న కులగణనకు అంగీకరించింది. 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా, డిజిటల్ పద్ధతిలో ఈ జనగణన జరగాలి. అందులో ముస్లింల, క్రైస్తవుల కులాలు ఏ స్థాయిలో లెక్కకెక్కుతాయో, ఎక్కినవి ఏ స్థాయిలో బయటికి వస్తాయో అన్నదే అసలు ప్రశ్న. రాష్ట్ర స్థాయి శాతాల దగ్గరే ఆగిపోతే, ఇంత శ్రమ చేసి మళ్ళీ ఒక సగటునే సంపాదించుకున్నట్టు.

కాబట్టి ప్రభుత్వం ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను. మూసీ అయినా, మెట్రో అయినా, చెరువుల హద్దులయినా, ఒక్క ఇంటి మీద రంగు పడకముందే ఆ నిర్ణయానికి వాడిన పటాన్ని తెలుగులో, ఉర్దూలో బస్తీ ప్రజల ముందు పెట్టాలి, దాన్ని తప్పని చూపించడానికి వారికి గడువు ఇవ్వాలి. రెండు, నీటి హద్దు పక్కన జీవనోపాధి పొరను తప్పనిసరి చేయాలి. ఎవరు ఎక్కడ పనిచేస్తారు, పిల్లలు ఏ బడికి పోతారు అన్నది తెలియకుండా పునరావాస స్థలాన్ని ఎంచకూడదు. మూడు, సమగ్ర సర్వే సమాచారాన్ని ఆనవాళ్ళు తొలగించి బ్లాకు స్థాయిలో సౌకర్యాల పంపిణీతో సరిపోల్చి, ఆ ఫలితాన్ని ఏటా శాసనసభ ముందు పెట్టాలి; అందులో ముస్లిం బీసీ కులాలు ‘మైనారిటీ’ అన్న ముద్దలో కలిసిపోకూడదు. నాలుగు, పటం గీసే పనిని బస్తీ పిల్లలకు నేర్పాలి. నైరోబీలోని కిబేరా అనే పెద్ద మురికివాడ అధికారిక పటాల్లో దాదాపు ఖాళీగా ఉండేది. 2009లో అక్కడి యువకులే జీపీఎస్ పరికరాలు పట్టుకుని, ఎవరైనా చేర్చగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తమ పేటను గీసుకున్నారు. కిషన్‌బాగ్ పిల్లలకు, యాకుత్‌పురా పిల్లలకు అంతకంటే మంచి ఫోన్లే ఉన్నాయి.

విశ్వవిద్యాలయాలకు కూడా ఇందులో బాధ్యత ఉంది. సాంకేతికత తటస్థమైనదని మేము తరగతి గదుల్లో చెబుతూ వచ్చాం. పటాల సాఫ్ట్‌వేర్ నేర్పే చోట కులం పాఠం ఉండదు, కులం పాఠం చెప్పే చోట కంప్యూటర్ ఉండదు. ఈ రెండు గదుల మధ్య గోడ కూడా ఒక రకమైన వాడగీతే. సామాజిక శాస్త్రాలవాళ్ళం పటాలను పాలకుల పనిముట్లని నిందించి ఊరుకున్నాం. అవి మన చేతికి వస్తే ఏం చేయవచ్చో ఆలోచించలేదు. ఆ నింద నాకూ వర్తిస్తుంది.

ఆ రోజు సాయంత్రం మా విద్యార్థిని ఆ నీలిరంగు మీద ఒక చిన్న చుక్క పెట్టింది. ఇల్లు, ఒక కుటుంబం, పాచిపని, ఇద్దరు బడి పిల్లలు అని రాసింది. పేరు రాయలేదు, కులం రాయలేదు. ఆ చుక్క మా తరగతి పటంలోనే ఉంది, ఏ కార్యాలయపు తెర మీదా లేదు. నది పొంగితే ఆ చుక్క ఆమెను కాపాడలేదు. కానీ ఆమెను అక్కడి నుంచి కదిలించాలనుకునేవారు ముందుగా ఆ చుక్కను చూడవలసి ఉంటుంది. చూసిన తరువాత ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని మాత్రం అనలేరు.